పత్రికల్లో బహిరంగ ప్రకటనలు (భారతదేశం)

ప్రజల హక్కులను, ఆస్తులను తాకే చర్య ఏదైనా జరిగేటప్పుడు సంబంధితులందరికీ తెలిసేలా పత్రికలో వేయించే ప్రకటనను బహిరంగ ప్రకటన లేదా పబ్లిక్ నోటీసు అంటారు. కోర్టులు, ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు, కంపెనీలు వీటిని ఇస్తాయి.

ఊళ్లలో ఒకప్పుడు ఈ పని టముకుది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ కూడా స్థిరాస్తి జప్తు ఉత్తర్వును ఆ ఆస్తి దగ్గరే డప్పు కొట్టించి చాటాలని, ప్రతిని అక్కడా కోర్టులోనూ అంటించాలని చెప్పింది. వేలం ప్రకటనను స్థానిక పత్రికలో వేయించే వీలును మాత్రం కోర్టు విచక్షణకు వదిలింది. ప్రభుత్వ ప్రకటనలు అంతకు చాలాముందే అచ్చుకెక్కాయి. 1784లో మొదలైన కలకత్తా గెజెట్, 1785 నాటి మద్రాస్ కొరియర్ వాటిని ప్రచురించేవి. ఇవి ప్రధానంగా ఇంగ్లిషులో వెలువడేవి.

స్థానిక భాషా పత్రికకు చట్టంలో చోటు దక్కింది ఎంతో ఆలస్యంగా. 1894 భూసేకరణ చట్టం తొలిరూపంలో గెజెట్‌లోనూ, ఆ ఊళ్లోనూ ప్రకటిస్తే సరిపోయేది. 1984 సవరణతో ఆ ప్రాంతంలో చెలామణి అయ్యే రెండు దినపత్రికల్లో, అందులో కనీసం ఒకటి ప్రాంతీయ భాషా పత్రికలో, ప్రకటన తప్పనిసరైంది. అంతకుముందే, 1976లో, సమన్లు నేరుగా అందించలేని ప్రతివాది విషయంలో కోర్టు పత్రికా ప్రకటనకు ఆదేశిస్తే, అతను చివరిసారిగా నివసించిన ప్రాంతంలో చదివే దినపత్రికలోనే వేయాలన్న నియమం చేరింది. బ్యాంకు బాకీల వసూలుకు సంబంధించిన 2002 సర్ఫేసీ నిబంధనల ప్రకారం, బాకీపడ్డవారి స్థిరాస్తిని స్వాధీనం చేసుకున్న బ్యాంకు ఏడు రోజుల్లోగా రెండు పత్రికల్లో ఆ సంగతి ప్రకటించాలి. వాటిలో ఒకటి స్థానిక భాషది కావాలి.

ఈ నియమాలన్నిటికీ ఆధారం ఒక్కటే: ప్రకటన అచ్చయితే సంబంధితులకు తెలిసినట్టే లెక్క. సునీల్ పొద్దార్ కేసులో 2008లో సుప్రీంకోర్టు, విస్తృతంగా చెలామణిలో ఉన్న పత్రికలో సమన్లు వచ్చాక తాను దానికి చందాదారును కానన్న ప్రతివాది వాదన చెల్లదంది. అందుకే ప్రకటన ఏ ఊరికి చేరే పత్రికలో, ఏ భాషలో పడిందన్నది కీలకం.

చట్టం అడగకున్నా అలవాటుగా వేయించే ప్రకటనలూ ఉన్నాయి. భూమి కొనేవారు న్యాయవాది ద్వారా సర్వే నంబరు, హద్దులు ప్రచురించి, అభ్యంతరాలుంటే గడువులోగా తెలపమని కోరతారు. తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో ఇలాంటివి తరచుగా కనిపిస్తాయి.

2013 భూసేకరణ చట్టం రెండు పత్రికల నియమాన్ని నిలుపుకుంటూనే పంచాయతీ, తహసీల్దారు కార్యాలయాల్లోనూ ప్రభుత్వ వెబ్‌సైటులోనూ ప్రకటన ఉంచాలంది. అభ్యంతరాల గడువును 30 రోజుల నుంచి 60 రోజులకు పెంచింది.