రొకోకో శైలిలో మానవాకృతి రేఖాచిత్రణ: వాటో విశిష్టత

18వ శతాబ్ది తొలి దశాబ్దాలలో ఫ్రాన్సులో రూపుదిద్దుకొన్న రొకోకో శైలిని విలాసానికీ, అలంకార ప్రియత్వానికీ పర్యాయంగా పరిగణించడం పరిపాటి. వర్ణచిత్రాలనే ప్రమాణంగా తీసుకొంటే ఈ అభిప్రాయం సమంజసంగానే తోస్తుంది. కాని ఆంట్వాన్ వాటో (1684–1721) గీసిన మానవాకృతుల రేఖాచిత్రాలను పరిశీలిస్తే, ఆ లాలిత్యానికి మూలం నిశితమైన లోకపరిశీలన అని విదితమవుతుంది.

1648లో స్థాపితమైన పారిస్ రాజాస్థాన చిత్రకళా అకాడమీ ఆకృతి చిత్రణకు ఒక క్రమాన్ని విధించింది. విద్యార్థి మొదట పూర్వ చిత్రకారుల రచనలను, పిమ్మట ప్రాచీన శిల్పాల నమూనాలను, చివరకు ఎదుట నిలిచిన నగ్న పురుషుణ్ణి చూసి గీయాలి. పౌరాణిక, చారిత్రక చిత్రాలలో ఇతివృత్తం ముందు నిశ్చితమయ్యేది. భంగిమలు దానిని అనుసరించేవి. వాటో ఈ క్రమాన్ని తారుమారు చేశాడు. ఆయన ఏ వర్ణచిత్రాన్నీ ఉద్దేశించకుండానే ఆకృతులను గీసి, పుస్తకంగా కూర్చుకొని, అవసరమైనప్పుడు వాటినుంచి ఎంచుకొనేవాడని ఆయన మిత్రుడు కేలూస్ ప్రభువు 1748లో అకాడమీలో చేసిన ప్రసంగంలో పేర్కొన్నాడు. ఒకే ఆకృతి ఒకటికి మించిన వర్ణచిత్రాలలో కనిపించడానికి కారణమిదే.

ఎరుపు, నలుపు, తెలుపు సుద్దలను కలిపి వాడే పద్ధతి వాటోకు పూర్వమే ఉంది. రూబెన్స్ దానిని సమర్థంగా ప్రయోగించాడు. వాటో చేతిలో ఎరుపు దేహచ్ఛాయను, నలుపు కేశాలను, తెలుపు పట్టుబట్టపై మెరుపును సూచించాయి. ఒకే కాగితంపై ఒకే శిరస్సును భిన్న కోణాలలో గీయడం ఆయనకు అభిమతం. లూవ్ర్ సంగ్రహాలయంలోని నల్లజాతి బాలుడి శిరస్సు చిత్రాలు ఇందుకు నిదర్శనం. పొట్టకూటికై పారిస్ చేరిన సవోయ్ ప్రాంత నిరుపేదలనూ ఆయన ఇంతే శ్రద్ధతో గీశాడు. కనుక ఈ రేఖ కేవలం విలాసజీవుల సొత్తు కాదు.

నగ్నాకృతి అభ్యాసం చాలకపోవడం వల్ల వాటోకు శరీరనిర్మాణ జ్ఞానం కొరవడిందని కేలూస్ ఆక్షేపించాడు. అకాడమీ ప్రమాణాల దృష్ట్యా ఇది దోషమే. అయితే వాటో లక్ష్యం కండరాల నిర్మాణం కాదు. మెడ వంపులో, వేళ్ల కదలికలో, వస్త్రపు మడతలో క్షణకాలం గోచరించే మనోభావం. ఆ లక్ష్యాన్ని విస్మరించి చేసిన విమర్శ అసమగ్రం.

వాటో మరణానంతరం జాఁ ద జులియెన్ 1726, 1728 సంవత్సరాలలో సుమారు 350 రేఖాచిత్రాలను రెండు సంపుటాలుగా ముద్రింపజేశాడు. వాటిలో నూటికి పైగా ఫలకాలను చెక్కినవాడు యువకుడైన ఫ్రాంస్వా బూషే. అనంతర కాలంలో బూషే రేఖాచిత్రాలను సుద్దగీత పోలికతోనే జిల్ దెమార్తో ముద్రించగా, అవి సంగ్రాహకుల ఆదరణ పొందాయి. వర్ణచిత్రానికి పూర్వరంగంగా ఉన్న రేఖాచిత్రం ఈ విధంగా స్వతంత్ర కళారూపమైంది. రొకోకో విలువను నిర్ణయించేటప్పుడు ఈ పరిణామాన్ని వర్ణచిత్రాలతో సమానంగా పరిగణించడం అవసరం.