నాలుగు శ్రుతులు, ఒక పేటెంటు

పొడుపుకథ విప్పేదాకా ఒక తీరు, విప్పాక ఇంకో తీరు. జవాబు విన్నాక "ఓస్, ఇంతేనా!" అనని వాళ్ళు అరుదు. అంతకు ముందు క్షణందాకా తల గోక్కున్న సంగతి ఎవరికీ గుర్తుండదు. పేటెంటు చట్టం నూట డెబ్భై ఏళ్ళకు పైగా ఈ "ఓస్, ఇంతేనా"తోనే తగువు పడుతోంది. ఆ పనిలో నేర్పున్న ఎవరికైనా తట్టే విషయానికి పేటెంటు ఇవ్వకూడదు. నిజమే. కానీ తట్టేదా కాదా అని తేల్చే జడ్జిగారు జవాబు తెలిసిపోయాక కదా పొడుపుకథ వింటున్నారు!

ఈ తగువు రేడియో చరిత్రలో ఒకసారి చాలా పెద్ద ఎత్తున జరిగింది. 1943 జూన్ 21న అమెరికా సుప్రీమ్ కోర్టు మార్కొనీ పేటెంటు ఒకదాన్ని, ఎక్కువ భాగం, చెల్లదని తేల్చింది. ఆ తీర్పు గురించి మనవాళ్ళ ఫోన్లలో తిరిగే కథ వేరు. "రేడియోని కనిపెట్టింది మార్కొనీ కాదు, టెస్లా అని కోర్టు చెప్పింది" అంటారు. తీర్పులో ఆ మాట లేదు. ఉన్న మాట ఇంతకన్నా చిన్నది, ఇంతకన్నా ఆసక్తికరమైనది.

అసలు గొడవ దేని గురించి? 1896లో మార్కొనీ ఇంగ్లండులో తెచ్చిన తొలి ఏర్పాటులో నిప్పురవ్వ పుట్టే చోటు నేరుగా ఏంటెనాకి కలిసి ఉండేది. అది చెక్కబల్ల మీద దెబ్బలాంటిది. చప్పుడు గట్టిగా వస్తుంది, వెంటనే చచ్చిపోతుంది. దానికి ఫలానా స్థాయి అంటూ ఉండదు. పక్కనే ఇంకొకడు ఇంకో బల్ల మీద కొడితే ఏది ఎవరి దెబ్బో తెలియదు. రెండు స్టేషన్లు ఒకేసారి పనిచేస్తే రెండూ పాడయ్యేవి. దీనికి బదులు కంచు గంటలా చాలాసేపు ఒకే స్థాయిలో మోగే విద్యుద్వలయం తయారు చేయొచ్చు. కానీ అలాంటి మూసిన వలయం శక్తిని తనలోనే దాచుకుంటుంది, దూరానికి సరిగా పంపదు. బాగా మోగేది బాగా పంపదు, బాగా పంపేది బాగా మోగదు. ఇదీ ముడి.

ముడి ఒక కొస పట్టుకున్నవాడు ఆలివర్ లాడ్జ్. ఏంటెనాలో తీగచుట్ట పెట్టి, దాన్ని హెచ్చుతగ్గులు చేస్తూ, పంపేదాన్నీ అందుకునేదాన్నీ ఒకే శ్రుతికి తేవచ్చని చూపించాడు. 1898లో అమెరికా పేటెంటు తీసుకున్నాడు. వీణ మెట్ల మీద వేలు వెయ్యక ముందే తీగల్ని తంబురాతో శ్రుతి కలపడం లాంటిదే ఇదీ.

మార్కొనీ రెండో కొస కూడా కలిపాడు. పంపే వైపు రెండు వలయాలు: ఒకటి గంటలా మోగడానికి, ఒకటి ఏంటెనాగా పంపడానికి. అందుకునే వైపూ రెండే: ఏంటెనా ఒకటి, సంకేతాన్ని పసిగట్టే వలయం ఒకటి. రెండేసి వలయాల మధ్య ట్రాన్స్‌ఫార్మర్. ఈ నాలుగూ ఒకే శ్రుతిలో ఉండాలి. బ్రిటన్‌లో 1900 నాటి ఈ పేటెంటుని దాని నంబరు 7777తోనే 'నాలుగు ఏడులు' అని పిలుస్తారు. అమెరికాలో అదే సంవత్సరం నవంబరు 10న దరఖాస్తు చేశాడు. అక్కడి పేటెంటు ఆఫీసు మొదట కాదంది, తర్వాత 1904లో 763,772 నంబరుతో ఇచ్చింది.

ఈ లోపల ఇంకో ఇద్దరున్నారు. ఒకరు నికోలా టెస్లా. 1897 సెప్టెంబరులో దరఖాస్తు చేసి 1900 మార్చిలో పొందిన ఆయన పేటెంటులో కూడా నాలుగు వలయాలున్నాయి. కాకపోతే ఆయన మనసులో ఉన్నది సందేశం కన్నా విద్యుచ్ఛక్తినే తీగల్లేకుండా పంపడం. రెండో ఆయన జాన్ స్టోన్ స్టోన్ అనే ఇంజినీరు. పేరు విచిత్రంగా ఉన్నా అదే ఆయన పేరు. 1900 ఫిబ్రవరిలో, అంటే మార్కొనీ అమెరికాలో దరఖాస్తు పెట్టడానికి తొమ్మిది నెలల ముందే, నాలుగు శ్రుతుల ఏర్పాటుని ఆయన పేటెంటు ఆఫీసుకి ఇచ్చాడు. 1899 వేసవిలోనే ఆ ఆలోచనని ఒక పరిచయస్థుడికి ఉత్తరాల్లో రాశాడు. ఏంటెనాని శ్రుతి చేయాలన్న మాటని మాత్రం దరఖాస్తులో విడమరిచి రాసింది 1902లో, సవరణగా. కోర్టులో వాదన చాలామటుకు ఈ సవరణ చుట్టూనే తిరిగింది. కొత్త మాట చేర్చాడా, లేక ముందే ఉన్న మాటని విప్పి చెప్పాడా?

అంతకు ముందు కోర్టులు మార్కొనీ పక్షమే ఉన్నాయి. ఇంగ్లండులో 1911లో, న్యూయార్కులో 1914లో జడ్జీలు ఈ పేటెంటుని నిలబెట్టారు. ఆ ధైర్యంతోనే కావచ్చు, అమెరికన్ మార్కొనీ కంపెనీ 1916లో ఏకంగా అమెరికా ప్రభుత్వం మీదే దావా వేసింది, మా పేటెంట్లు వాడుకున్నారు కాబట్టి పరిహారం ఇమ్మని. దావా తేలేసరికి ఇరవై ఏడేళ్ళు పట్టింది. ఆ కంపెనీ ఆస్తులు ఆర్‌సీఏలో కలిసిపోయాయి. పేటెంటు గడువు 1921లోనే తీరిపోయింది. మార్కొనీ 1937లో పోయాడు, లాడ్జ్ 1940లో. టెస్లా 1943 జనవరిలో, స్టోన్ అదే సంవత్సరం మే నెలలో పోయారు. తీర్పు వినడానికి నలుగురిలో ఒక్కరూ లేరు.

తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి పేరు కూడా స్టోనే, హార్లన్ ఫిస్క్ స్టోన్. ఆయనతో కలిపి అయిదుగురిది ఒకే మాట. స్టోన్ సవరణ కొత్తది కాదు, మొదటి దరఖాస్తులో ఉన్నదాన్నే విప్పి చెప్పింది. ఏంటెనాని హెచ్చుతగ్గులు చేసే పద్ధతి లాడ్జ్ ముందే చూపించాడు. టెస్లా నాలుగు వలయాలు చూపించాడు. ఇవన్నీ తెలిశాక మార్కొనీ చేసిన మార్పుకి పేటెంటుకి తగిన నూతనత్వం లేదు. మార్కొనీ కీర్తి ఆయన మొదటి పేటెంటు మీద ఆధారపడి ఉంది, దాని జోలికి మేము పోవడం లేదు అని కూడా కోర్టు స్పష్టంగా చెప్పింది. రేడియో ఎవరిదన్న ప్రశ్న అసలు కోర్టు ముందుకి రాలేదు. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. లాడ్జ్ పేటెంటు అప్పటికి మార్కొనీ కంపెనీ చేతిలోనే ఉంది. ఆ పేటెంటు మీద ప్రభుత్వం డబ్బు కట్టాలన్న తీర్పు నిలబడింది. అంటే కంపెనీకి డబ్బు తెచ్చిన పేటెంటే కంపెనీ వ్యవస్థాపకుడి పేటెంటుని కూల్చడానికీ పనికొచ్చింది.

ముగ్గురు జడ్జీలు విభేదించారు. వారిలో ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ రాసినది ఇవాళ్టికీ చదవదగ్గది. ఇలాంటి శాస్త్ర విషయాల్లో జడ్జీలకున్న చదువు చాలదని ఆయన ముందే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది. మార్కొనీ చేసింది అంత తేలికైనదే అయితే, అదే రంగంలో తలపండిన లాడ్జ్, టెస్లాలు ఎందుకు చేయలేదు? నలభై ఏళ్ళ తర్వాత, రేడియో ఇంటింటికీ వచ్చాక, కూర్చుని చూస్తే అన్నీ తేలిగ్గానే కనిపిస్తాయి అని ఆయన హెచ్చరిక.

నాకు ఇద్దరి మాటలోనూ సత్తా కనిపిస్తుంది. కాగితాలు చూస్తే స్టోన్ ముందున్నాడన్న మాటకి బలం ఉంది. ఉత్తరాలు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి. కానీ ఫ్రాంక్‌ఫర్టర్ భయం స్టోన్ గురించి కాదు, పద్ధతి గురించి. ఒక ముక్క లాడ్జ్ దగ్గర, ఒక ముక్క టెస్లా దగ్గర ఏరి పక్కపక్కన పెట్టి "ఇంతేగా" అనడం మొదలెడితే ఏ ఆవిష్కరణా మిగలదు. మరోవైపు, ముక్కలన్నీ ఊళ్ళోనే ఉన్నప్పుడు వాటిని కలిపిన మొదటివాడికి ఇరవై ఏళ్ళు గుత్తాధిపత్యం ఇస్తే మిగతావాళ్ళ చేతులు కట్టేసినట్టే. 1900 ప్రాంతంలో జర్మనీలో ఫెర్డినాండ్ బ్రౌన్ కూడా ఈ జత వలయాల మీదే పనిచేస్తున్నాడు. 1909 నోబెల్ మార్కొనీతో పంచుకున్నది ఆయనే. ఒకే పండు ఒకే రుతువులో నలుగురి తోటల్లో పండితే, అది తోటమాలి గొప్పతనమా, రుతువు గొప్పతనమా?

ఆ కాలంలో అమెరికా చట్టంలో ఈ ప్రశ్నకి కొలబద్ద రాసి లేదు. 1851లో తలుపు గుబ్బల కేసు ఒకటుంది. లోహానికీ చెక్కకీ బదులు పింగాణీతో గుబ్బ చేస్తే అది మామూలు పనివాడి నేర్పే కానీ ఆవిష్కరణ కాదని అప్పుడు తేల్చారు. తర్వాత వందేళ్ళు జడ్జీలు ఎవరికి తోచిన తూనిక వాళ్ళు వాడారు. 1941లో అయితే మేధావి బుర్రలో మెరుపు మెరిసి ఉండాలన్నంత దూరం వెళ్ళారు. చివరికి 1952లో చట్టంలోనే రాశారు: ఆవిష్కరణ జరిగిన కాలంలో, ఆ రంగంలో మామూలు నేర్పున్నవాడికి అది తేటతెల్లంగా తట్టేదై ఉండకూడదు. 'ఆ కాలంలో' అన్న మాట ఫ్రాంక్‌ఫర్టర్ భయానికి కొంత సమాధానం.

మన దేశంలో ఇదే ప్రశ్న 1978లో సుప్రీమ్ కోర్టు ముందుకి గిన్నెల రూపంలో వచ్చింది. లోహపు పాత్రల్ని లేతు మీద బిగించి నున్నగా చేసే సాధనానికి తీసుకున్న పేటెంటు అది. పాత పరికరాన్ని కాస్త మెరుగుపరచడం పనివాడి నేర్పే తప్ప ఆవిష్కరణ కాదని కోర్టు దాన్ని కొట్టేసింది. తలుపు గుబ్బ, గిన్నె, రేడియో: వస్తువు మారింది, ప్రశ్న మారలేదు.

మన దగ్గర తిరిగే ఇంకో కథ జగదీశ్ చంద్ర బోసుది. 1901లో అట్లాంటిక్ దాటొచ్చిన సంకేతాన్ని పట్టిన పాదరసపు పరికరానికి మూలం బోసు పరిశోధనే అనే చరిత్రకారులున్నారు. అది గట్టి వాదనే. కానీ అది సంకేతాన్ని పసిగట్టే సాధనం గురించి. 1943 కేసు శ్రుతి గురించి. రెంటినీ కలగలిపి "మార్కొనీ దొంగ" అనేస్తే బోసుకి దక్కేది గౌరవం కాదు, ఒక నినాదం.

ఇప్పుడు బస్సులో విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్తూ మాట్లాడుతుంటే, జేబులోని ఫోను దారి పొడుగునా చుట్టుపక్కల టవర్ల సంకేతాల బలాన్ని కొలిచి నెట్‌వర్కుకి చెబుతూనే ఉంటుంది. ఆ లెక్క చూసుకునే మాటని ఒక టవరు ఇంకో టవరుకి అప్పగిస్తుంది. ఎప్పుడు కొలవాలి, వేటిని కొలవాలి, ఎంత తేడా ఉంటే చెప్పాలి అన్న ఒక్కొక్క మెళకువ మీదా పేటెంట్లున్నాయి, వాటి మీద వ్యాజ్యాలున్నాయి. ఒక పక్షం "కొలవడం కొత్తా?" అంటుంది. ఇంకో పక్షం "అయితే మీరెందుకు ముందు చేయలేదు?" అంటుంది. ఆ రెండో ప్రశ్నకి జవాబు కొన్నిసార్లు "చేశాం, ఉత్తరాలున్నాయి" అని వస్తుంది. 1899లో ఉత్తరాలు రాసిపెట్టుకున్న జాన్ స్టోన్ స్టోన్ పేరు మాత్రం ఆ తీర్పు గురించి చెప్పుకునే కథల్లో ఎక్కడా వినబడదు.