డ్రైవ్-ఇన్ థియేటర్: నేల వాలు, చిరుతిళ్ల రాబడి

కారు దిగకుండా సినిమా చూసే డ్రైవ్-ఇన్ థియేటర్ 1933 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, కామ్డెన్ పట్టణం పక్కన మొదలైంది. దాన్ని కట్టిన రిచర్డ్ హోలింగ్స్‌హెడ్ మోటారు సామగ్రి తయారు చేసే కుటుంబ సంస్థలో పనిచేసేవాడు. అంతకుముందు ఇంటి ఆవరణలోనే అతను చాలా పరీక్షలు చేశాడు. చెట్లకు దుప్పటి కట్టాడు, కారు బానెట్ మీద ప్రొజెక్టర్ పెట్టాడు, తెర వెనుక రేడియో ఉంచాడు. వానలో బొమ్మ ఎలా కనిపిస్తుందో తెలుసుకోవడానికి తోటకు నీళ్లు చల్లే పరికరాన్ని కారు మీదికి తిప్పాడు.

అసలు చిక్కు కార్లను వరుసగా నిలిపినప్పుడు వచ్చింది. వెనుక కారులోని వాళ్లకు తెరకు బదులు ముందు కారు కప్పు కనిపిస్తుంది. హోలింగ్స్‌హెడ్ ముందు చక్రాల కింద దిమ్మెలు పెట్టి, ఎంత ఎత్తు లేపితే చూపు ముందు కారు మీదుగా తెరకు చేరుతుందో కొలిచాడు. ఆ కొలతలతో ప్రతి వరుసకూ ఒక మట్టికట్ట వేసి, కట్టలను తెర చుట్టూ విసనకర్ర ఆకారంలో వంపు తిప్పాడు. డ్రైవరు కారును కాస్త ముందుకో వెనక్కో జరిపితే చాలు, బొమ్మ అద్దంలో సరిగ్గా కుదురుతుంది. 1933 మే 16న దీనికి పేటెంటు వచ్చింది. ఇంత సాదా మట్టిపని మీద ఒక పరిశ్రమ మొత్తం నిలబడడం ఈ చరిత్రలో మెచ్చుకోదగ్గ విషయం.

ఆ మొదటి థియేటర్‌లో 400 కార్లు పట్టేవి. కారుకు 25 సెంట్లు, మనిషికి మరో 25 సెంట్లు, ఎంతమంది ఉన్నా మొత్తం ఒక డాలరు మించదు. పిల్లల గోల ఎంత ఉన్నా ఫరవాలేదని కుటుంబాలను పిలిచారు. తెర దగ్గర పెట్టిన పెద్ద స్పీకర్ల శబ్దం మాత్రం వెనుక వరుసలకు ఆలస్యంగా, పలచగా చేరేది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు మాత్రం బాగానే వినబడేది. సినిమా అద్దె అంతకంటే పెద్ద దెబ్బ. పంపిణీదారులు కొత్త సినిమాలు ఇవ్వకపోగా, పాత సినిమాలకే ఎక్కువ అడిగారు. కొన్నేళ్లలోనే హోలింగ్స్‌హెడ్ థియేటర్ వదులుకుని, తన పేటెంటు వాడుకునేవారి నుంచి రుసుము వసూలు చేసే వ్యాపారంలో ఉండిపోయాడు. చాలామంది అది కట్టలేదు. చివరికి 1949లో బోస్టన్‌లోని అప్పీలు కోర్టు, థియేటర్ కుర్చీల అమరికనే కార్లకు వర్తింపజేయడం కొత్త ఆవిష్కరణ కాదంటూ పేటెంటును కొట్టేసింది. ఆ తీర్పుతో ఎవరైనా కట్టుకునే వీలు కలిగింది.

కాలం కూడా కలిసొచ్చింది. 1941లో ఆర్‌సీఏ సంస్థ కారు లోపల తగిలించుకునే చిన్న స్పీకరు తెచ్చింది. శబ్దం ఎంత కావాలో ఎవరికి వారే తిప్పుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంటికో కారు, ఊరి శివార్లలో కొత్త ఇళ్లు, చిన్నపిల్లల తల్లిదండ్రులు పెరిగారు. 1958 నాటికి అమెరికాలో నాలుగు వేలకు పైగా డ్రైవ్-ఇన్‌లు ఉన్నాయి. న్యూయార్క్ దగ్గరి కోపేగ్‌లో ఒకటి 28 ఎకరాల్లో 2,500 కార్లకు చోటిచ్చింది.

ఈ విస్తరణ కాలంలోనే డ్రైవ్-ఇన్‌లు కట్టడానికి ఒక ఒరవడి ఏర్పడింది. పట్టణానికి దగ్గరగా, పన్ను తక్కువగా ఉండే పొలం కావాలి. అది పెద్ద రోడ్డు పక్కన ఉండాలి, కానీ రోడ్డు మీది దీపాలు తెర మీద పడకూడదు. అందుకే తరచు తెర వీపు రోడ్డు వైపు ఉండేది, ఆ వీపే పెద్ద ప్రకటన బోర్డుగా పనికొచ్చేది. తెర ముఖం పడమటికి తిప్పితే సాయంత్రపు ఎండ తగిలి ఆట ఆలస్యమవుతుంది. టికెట్ గదిని గేటుకు చాలా లోపల కట్టేవారు, లేకపోతే కార్ల వరుస రోడ్డెక్కి పోలీసులు వస్తారు. రాకకు ఒక దారి, పోకకు వేరే దారి. దుమ్ము లేవకుండా కంకర పరిచి, వాననీరు నిలవకుండా కాలువలు తీసేవారు.

మైదానం మధ్యలో ప్రొజెక్టర్ గది, దానికి ఆనుకుని చిరుతిళ్ల దుకాణం ఉండేవి. అన్ని వరుసలకూ సమదూరంలో ఉంటే నడక తగ్గుతుంది, కొనుగోలు పెరుగుతుంది. లాభం అసలు ఇక్కడే. టికెట్ డబ్బులో పెద్ద వాటా సినిమా కంపెనీకి పోతుంది. పాప్‌కార్న్, హాట్‌డాగ్, శీతల పానీయాల మీద వచ్చినది యజమానికే మిగులుతుంది. అందుకే విరామం పొడుగ్గా ఇచ్చి, ఇంకా ఎన్ని నిమిషాలుందో తెర మీద గడియారం చూపిస్తూ మధ్యమధ్య తినుబండారాల బొమ్మలు వేసేవారు. తెర కింద ఆటస్థలం కట్టడంలోనూ ఇదే లెక్క: పిల్లలు ఆడుకోవాలంటే కుటుంబం చీకటి పడకముందే వస్తుంది, రాత్రి భోజనం అక్కడే కొంటుంది. పిల్లలకు టికెట్ మాఫీ చేసినా నష్టం రాకపోవడానికి కారణం అదే.

ఈ వ్యాపారం పడిపోవడానికీ నేలే ప్రధాన కారణం. శివార్లు ఊళ్లయ్యాయి, పొలం ధర ఎన్నో రెట్లు పెరిగింది. ఏడాదిలో కొన్ని నెలలు, అదీ రాత్రి మాత్రమే నడిచే వ్యాపారం ఆ ధరకు సరితూగే రాబడి ఇవ్వలేకపోయింది. దుకాణ సముదాయాల వాళ్లు అడగగానే చాలామంది అమ్మేశారు. 1966 చట్టంతో వేసవిలో గడియారం గంట ముందుకు జరపడం దేశంలో చాలా భాగానికి వర్తించి, ఆట మరీ రాత్రికి పోయింది. 1973 చమురు సంక్షోభం, ఆ తర్వాత ఇంటింటా వీడియో మిగతా ప్రేక్షకులను తగ్గించాయి. అహ్మదాబాద్‌లో 1973లో మొదలైన సన్‌సెట్ డ్రైవ్-ఇన్ చుట్టూ కూడా నగరం పెరిగింది; దాని పేరుతోనే ఒక పెద్ద రోడ్డుంది.

బతికినవి ఖర్చు తగ్గించుకున్నాయి. స్తంభాలు, తీగలు తీసేసి, శబ్దాన్ని ఎఫ్‌ఎం ద్వారా కారు రేడియోకు పంపాయి. 2013 ప్రాంతంలో ఫిల్ము రీళ్లు ఆగిపోయి డిజిటల్ ప్రొజెక్టర్ తప్పనిసరి కావడంతో, ఒక్కో తెరకు వేల డాలర్లు పెట్టలేక మరికొన్ని మూతపడ్డాయి. ఇప్పుడు అమెరికాలో సుమారు మూడు వందలు మిగిలాయి. పెన్సిల్వేనియాలో 1934లో తెరిచిన షాంక్‌వైలర్స్ వాటిలో పాతది.