కాచిగూడ: గుమ్మటాల వెనక లెక్కలు

కాచిగూడ స్టేషన్ ముందు నిలబడి తలెత్తి చూస్తే గుమ్మటాలు, మినార్లు కనిపిస్తాయి. రాతి కట్టడమే అనుకుంటారు చాలామంది. నిజానికి దాన్ని కట్టింది, ఇనుప చువ్వలు పెట్టి ముందుగానే పోతపోసుకున్న కాంక్రీటు భాగాలతో.  స్టేషన్ కట్టిన 1916 నాటికి అది దేశంలో కొత్త విద్యే.

1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ఊడ్చిపెట్టింది. తర్వాత 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. కొత్త హైదరాబాద్‌ను కట్టడానికి వచ్చినవాళ్లలో విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు ఒకడు. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పనులు చూసుకున్నదీ, బెంగాల్ నాగపూర్ రైల్వేకి గార్డెన్ రీచ్‌లో కార్యాలయం కట్టిందీ ఆయనే. హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆస్పత్రి కూడా ఆయన గీసినవే. ఆ వరుసలో మొదటిది ఈ స్టేషన్. దీన్ని గోథిక్ శైలి అని రాసేయడం మనవాళ్లకి అలవాటైపోయింది గానీ, నా కంటికి కనిపించేవి మొఘలు పోకడలే.

భవనం నవాబుగారి దర్బారులా ఉన్నా, అందులో కూర్చున్న కంపెనీ మాత్రం లండన్‌ది. ఈ కథ కొంచెం వెనక్కి వెళ్తుంది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో తొలి రైలుమార్గం వచ్చింది. బ్రిటిషు దండుకు అది అవసరం, ఖర్చు నిజాం ఖజానాది. 1883లో రైల్వేని లండన్ కంపెనీ చేతికి ఇచ్చే ఒప్పందం కుదిరింది. పెట్టిన పెట్టుబడి మీద ఏటా అయిదు శాతం చొప్పున ఇరవై ఏళ్లు ముట్టజెబుతామని నిజాం ప్రభుత్వం హామీ ఇచ్చింది. లాభమొస్తే వాటాదారులది, రాకపోతే లోటు రైతు కట్టిన శిస్తులోంచి పూడ్చాలి. అందుకే దాని పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే.

దీన్ని ఎవరూ అడగలేదా అంటే, అడిగారు. చాందా వరకు లైను వేసే పథకం లెక్కలు బయటపెట్టాలని హైదరాబాదులో అలజడి రేగింది. ముందుండి అడిగినవాళ్లలో ఒకరైన అఘోరనాథ్ ఛటోపాధ్యాయను 1883లోనే రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. సరోజినీ నాయుడు తండ్రి ఆయన. తర్వాత తిరిగి రానిచ్చారు. హైదరాబాదులో ప్రజలు సర్కారును లెక్క అడిగిన తొలి సందర్భాల్లో ఇదొకటి. మన రైలు చరిత్రల్లో దీనికి దక్కే చోటు మాత్రం ఒకటి రెండు వాక్యాలే.

నిజాం ఆ రైల్వేని కొనుక్కుని సొంతం చేసుకున్నది 1930 ఏప్రిల్ 1న. అంటే కాచిగూడ కట్టిన పద్నాలుగేళ్లకు. రెండేళ్లు దాటాక, 1932లో ఆ రైల్వేయే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో బస్సులూ మొదలుపెట్టింది. ఇప్పటి ఆర్టీసీకి మూలం అక్కడే ఉంది.

అప్పట్లో కాచిగూడది మీటర్ గేజి సంసారం. నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ వెళ్లే మీటర్ గేజి లైను 1899–1901 మధ్య పడింది. ఇటు దక్షిణాన మహబూబ్‌నగర్, గద్వాల, ద్రోణాచలం వైపు సాగిందీ అదే గేజి. నాంపల్లిది బ్రాడ్ గేజి. కాబట్టి ఒకే ఊళ్లో రెండు కొలతల పట్టాలు, రెండు రకాల పెట్టెలు. పాలమూరు వలస కూలీల నుంచి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో తిరుపతి వెళ్లే మొక్కులవాళ్ల దాకా ఈ ప్లాట్‌ఫారాల మీద తిరిగారు. గేజి మార్పిడి జరిగాకే కాచిగూడ మిగతా నగరంతో నిజంగా కలిసింది.

2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ లోకల్ రైలు సర్వీసు మొదలైంది. ఏడాది తిరక్కముందే ఫలక్‌నుమాకూ రైళ్లు నడిచాయి. దాంతో కాచిగూడ లోకల్ స్టేషన్ కూడా అయింది. చవక టికెట్టుతో పాతబస్తీ నుంచి సికింద్రాబాద్ చేరుకోవడం విద్యార్థులకూ, చిరుద్యోగులకూ పెద్ద ఊరట. కాకపోతే ఈ రైళ్లకు తమవంటూ పట్టాలు లేవు. దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సులు నడిచే దారిలోనే ఇవీ నడవాలి. ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే లోకల్ ఆగాల్సిందే. 2019 నవంబరు 11న ఈ స్టేషన్ దగ్గరే ఎంఎంటీఎస్ రైలు హంద్రీ ఎక్స్‌ప్రెస్‌ను ఢీకొంది. క్యాబిన్‌లో ఇరుక్కుపోయిన లోకో పైలట్‌ను గంటల తరబడి శ్రమించి బయటికి తీశారు. తర్వాత ఆయన చనిపోయాడు.

2023 ఏప్రిల్‌లో ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ వరకు, సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వరకు సర్వీసులు పొడిగించారు. అదే ఏడాది సెప్టెంబరులో కాచిగూడ నుంచి యశ్వంతపూర్‌కు వందేభారత్ బయల్దేరింది. లోకల్ కోసం ఎదురుచూసేవాళ్లు అడుగుతున్నది మాత్రం అంతకంటే చిన్నది: పదిహేను నిమిషాలకో రైలు, అదీ చెప్పిన వేళకు.