పల్నాటి యుద్ధం నుండి పెద్ద తెర వరకు

మాచెర్ల, గురజాల రాజ్యముల వైరము పలనాటిలో తరతరములుగా వీరగాథయై పాడబడుచున్నది. ఆ కథ 1947లో 'పల్నాటి యుద్ధం' అను చలనచిత్రముగా వచ్చినది. దర్శకులు గూడవల్లి రామబ్రహ్మముగారు చిత్రము ముగియకమునుపే 1946లో మరణింపగా, మిగిలిన పనిని ఎల్.వి. ప్రసాదుగారు పూర్తిచేసిరి. ఆ ప్రసాదుగారి కుమారుడు రమేష్ ప్రసాద్ ఆధ్వర్యమున 2003లో హైదరాబాదులో ప్రసాద్స్ ఐమాక్స్ వెలసినది. ఒకే కప్పు క్రింద అనేక తెరలు, దుకాణములు, భోజనశాలలు ఉండు ఈ మల్టీప్లెక్సు పద్ధతి మన దేశమునకు 1997లో ఢిల్లీలోని సాకేత్‌లో వచ్చినదే. హైదరాబాదు శాలలో క్రొత్త విషయము దాని పెద్ద తెర: ఎత్తు 72 అడుగులు, వెడల్పు 95 అడుగులు.

1947 నాటి ఫిల్మును ఆ తెరపై వేసినచో ఏమగును?

నాటి ఫిల్ము వెడల్పు 35 మి.మీ. రెండంచుల రంధ్రములు, శబ్దపు పట్టీ పోగా బొమ్మకు దక్కునది సుమారు 21 మి.మీ. దానిని 95 అడుగులకు, అనగా దాదాపు 29 మీటర్లకు సాగదీయవలెనన్నచో 1,380 రెట్లు పెంచవలెను. ఫిల్ముపై మిల్లీమీటరులో నూరవ వంతున్న మచ్చ తెరపై 14 మి.మీ. అగును. నాయకురాలు నాగమ్మ ముఖముపై ఇసుక చల్లినట్లుండును!

వెలుతురు చిక్కు ఇంకను పెద్దది. పల్లెలోని డేరా హాలులో 20 అడుగుల వెడల్పు, 15 అడుగుల ఎత్తు గల తెర యున్నదనుకొందము; వైశాల్యము 300 చదరపు అడుగులు. పెద్ద తెరది 6,840. దీపము అదే యైనచో ఒక్కొక్క చదరపు అడుగునకు అందు కాంతి ఇరువదిమూడవ వంతునకు దిగును. దీపమును పెంచిన చాలదా? చాలదు. ఆ కాంతి యంతయు తపాలాబిళ్లంత ఫిల్ముగుండా పోవలెను గదా. ఆ వేడికి ఫిల్మే చెడును.

కనుక ముందు పెరుగవలసినది ఫిల్ముపైని బొమ్మ. కెనడాలో రూపొంది, 1970లో జపానులోని ఒసాకా ప్రపంచ ప్రదర్శనలో తొలిసారి చూపబడిన ఐమాక్స్ చేసినది ఇదే. 70 మి.మీ. ఫిల్మును నిలువుగా గాక అడ్డముగా నడపిరి. ఒక్కొక్క బొమ్మకు 15 రంధ్రముల నిడివి నిచ్చిరి. దానితో బొమ్మ వెడల్పు దాదాపు 70 మి.మీ., ఎత్తు 48 మి.మీ. అయినది. వైశాల్యము పాతదానికి పదిరెట్లు. ఇందాకటి మచ్చ ఇప్పుడు తెరపై 4 మి.మీ. మాత్రమే.

అయితే సెకనుకు 24 బొమ్మల చొప్పున ఇంత ఫిల్మును నడపుట ఎట్లు? నలుబది నిమిషముల చిత్రమునకే నాలుగు కిలోమీటర్లకు పైగా ఫిల్ము కావలెను, 35 మి.మీ. పద్ధతిలో ఒక కిలోమీటరు పైచిల్లర చాలును. మామూలు యంత్రముల వలె రంధ్రములను పట్టి గుంజినచో ఫిల్ము చినుగును. ఆస్ట్రేలియా వాడగు రాన్ జోన్స్ కనిపెట్టిన యంత్రములో ఫిల్ము గొంగళిపురుగు నడకవలె చిన్న అలగా కదలి, కటకము ఎదుట చదునుగా నిలుచును. అక్కడ గాలిని పీల్చివేసి ఫిల్మును అద్దమునకు అంటుకొనునట్లు చేయుదురు. ముచ్చటైన ఉపాయము!

ఇంత నేర్పును చివరకు ఓడించినది ఫిల్ము బరువు, ఖర్చు. సినిమా డిజిటల్ పెట్టెలలో వచ్చుటతో 2010ల దశకములో ప్రసాద్స్ కూడ ఫిల్మును విడిచినది. ఈ మార్పును లాభమని మాత్రమే చెప్పుట సరికాదు. '4కె' ప్రొజెక్టరు అడ్డముగా 4,096 చుక్కలు వేయును. 95 అడుగుల తెరపై ఒక్కొక్క చుక్క 7 మి.మీ. '2కె' అయినచో 14 మి.మీ.; అనగా 35 మి.మీ. ఫిల్ముపైని మచ్చ యంత! మంచి చూపుగల కన్ను డిగ్రీలో అరువదవ వంతు కోణమును గుర్తింపగలదు. ఆ లెక్కన 7 మి.మీ. చుక్క విడిగా కనబడకుండుటకు 24 మీటర్ల దూరములో కూర్చుండవలెను. పెద్ద తెర ముందు నేల టిక్కెట్టు వానికే నష్టము.

పెద్ద తెర మహానగరములకే పరిమితము కాలేదు. నరసరావుపేటకంటె చిన్నదగు సూళ్లూరుపేటలో 2019లో వంద అడుగులకు మించిన వెడల్పుగల తెరతో వి ఎపిక్ అను శాల తెరువబడినది. ఈ లెక్క అక్కడికిని వర్తించును. తెర వెడల్పును మిల్లీమీటర్లలోనికి మార్చి 4,096తో భాగించినచో చుక్క వెడల్పు వచ్చును. దానిని 3,440తో హెచ్చవేసినచో ఎంత దూరములో కూర్చుండవలెనో తేలును.