వేలిముద్ర యంత్రాలు: గుంటూరు, ప్రకాశం ప్రాంతం

వేలి చర్మంపై గీతలను చదివి, వచ్చిన మనిషి ఎవరో తేల్చి, ఆ తర్వాతే తలుపు తీయడం వంటి పని చేసే పరికరం వేలిముద్ర యంత్రం. ఆఫీసుల్లో తాళానికీ హాజరుకూ వాడే ఈ పరికరం గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎక్కువమందికి పరిచయమైంది మాత్రం రేషన్ దుకాణంలోనే. 2022 పునర్విభజనలో ఏర్పడిన పల్నాడు, బాపట్ల జిల్లాలదీ ఇదే కథ.

ముద్రను గుర్తింపుగా వాడడం మన దేశంలోనే బలపడింది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి రాజ్యధర్ కోనాయి అనే కాంట్రాక్టరు చేత ఒప్పందంపై అరచేతి ముద్ర వేయించాడు. 1892లో బ్రిటిష్ శాస్త్రవేత్త గాల్టన్ తన పుస్తకంలో గీతలు ఆగిపోయే చోట్లు, రెండుగా చీలే చోట్లు మనిషికీ మనిషికీ వేరుగా ఉంటాయని వివరించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. అక్కడి వర్గీకరణ పద్ధతికి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ ప్రాణం పోస్తే, పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. ఇది సరిదిద్దవలసిన అన్యాయం.

నేటి యంత్రాలూ గాల్టన్ చెప్పిన చోట్లనే వెతుకుతాయి. ఆప్టికల్ సెన్సర్‌లో గాజు కింద వెలుగు ఉంటుంది. గీత గాజును తాకిన చోట నల్లగా, పల్లం ఉన్న చోట తెల్లగా బొమ్మ పడుతుంది. అందులోని గుర్తుల స్థానాలను అంకెలుగా మార్చి దాచేదే టెంప్లేట్. మొదటిసారి వేలు ఇవ్వడం నమోదు. ఆఫీసు గేటు దగ్గర వేలు పెట్టగానే యంత్రం నమోదైన అందరిలోనూ వెతకవచ్చు. రేషన్ దుకాణంలోని ఈపోస్ యంత్రంలో అలా కాదు: కార్డులోని ఒక్క మనిషి ఆధార్ నంబరు కింద నమోదైన ముద్రతోనే పోలిక, ఆధార్ సర్వరు అవునో కాదో చెబుతుంది.

ఒకే వేలు రెండుసార్లు అచ్చంగా ఒకేలా పడదు. అందుకే యంత్రం పోలికకు మార్కులు వేసి, ఒక హద్దు దాటితే ఒప్పుకుంటుంది. ఈ హద్దే త్రెషోల్డ్. పెంచితే అసలు మనిషినే కాదనే తప్పులు, తగ్గిస్తే పరాయివాణ్ని ఒప్పుకునే తప్పులు పెరుగుతాయి. గోదాము తలుపుకు రెండో తప్పు ప్రమాదం. బియ్యం కోసం వచ్చిన ముసలమ్మకు మొదటి తప్పే ప్రాణాంతకం.

ఆధార్ 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని టెంభ్లీలో మొదలైంది. 2012లో తూర్పుగోదావరిలో రేషన్‌తో జోడించి చూశారు. 2015లో ఆంధ్రప్రదేశ్ ఈపోస్‌ను రాష్ట్రమంతటికీ విస్తరించడం ప్రారంభించింది. మేలు జరిగింది: డీలరు మరొకరి పేరున సరుకు రాసుకోవడం కష్టమైంది. కర్నూలు నుంచి మిరప కోతలకూ పత్తితీతకూ గుంటూరు వైపు వలస వచ్చే కూలీలు పోర్టబిలిటీ వల్ల ఉన్నచోటే బియ్యం తీసుకోగలిగారు.

అయితే ఆ చేతులనే యంత్రం తరచూ కాదంటుంది. మిరప కళ్లంలో తాలుకాయలు ఏరి, తొడిమలు తీసి మండే వేళ్లు. ఎండిన పత్తికాయ మొనలు గీరిన వేళ్లు. వయసుతో గీతలు అరిగిన వేళ్లు. "వేలిముద్రలు పడటం లేదు" అన్నది ప్రతి ఊరి మాట. కొంగుతో తుడుచుకుని బొటనవేలు, తడిపి చూపుడువేలు, తర్వాత మరో చేయి. సిగ్నల్ అందకపోయినా వరుసలో ఉన్నవారికి అది వేలి తప్పులాగే తోస్తుంది.

దిద్దుబాట్లు విడతలుగా వచ్చాయి: బాగా పడే వేలును గుర్తించడం, కంటిపాప స్కానర్లు, ఏదీ కుదరకపోతే గ్రామ రెవెన్యూ అధికారి (వీఆర్వో) వేలిముద్రతో సరుకు. ముఖాన్ని గుర్తించే పద్ధతీ పెరుగుతోంది. 2022 ఆగస్టులో రాష్ట్రంలో ఉపాధ్యాయుల హాజరు అలా మారింది. అంతకుముందే, ముద్ర పడలేదన్న కారణంతో ఎవరికీ రేషన్ నిరాకరించరాదని, ఇతర గుర్తింపు చూసి ఇచ్చి, ఆ వివరాలు వేరే రిజిస్టరులో రాయాలని 2017 అక్టోబరులో కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలను ఆదేశించింది.