చేలోంచి వార్డులోకి
గుంటూరులో నర్సింగ్ ఎమ్మెస్సీ చేస్తున్న మా చెల్లెలి పరిశోధన బొమ్మ రోగి మీద శిక్షణ గురించి. రోగి మాట్లాడాలా, తర్వాత చర్చ పెట్టాలా, విద్యార్థి ఒంటరిగానా జంటగానా? ‘ఒక్కోటీ విడిగా చూడాలంటే పిల్లలు చాలరన్నయ్యా’ అంది.

ఈ చిక్కు మిరప చేనుకి పాతదే. తడి లేని చేలో ఎరువు వేస్తే ఏమవుతుందో మా నాన్నకి తెలుసు. విడివిడిగా చూస్తే ఆ సంగతి దొరకదు. పొలం ప్రయోగాల్లో అన్నీ కలిపే పరీక్షించాలని ఫిషర్ 1926లోనే వాదించారు. మూడు అంశాలు, ఎనిమిది కలయికలు. ఉన్నది 32 మందే అయినా, ప్రతి అంశానికీ 16కి ఎదురు 16.

ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావు 1947లో, కలయికల్లో కొన్నిటితోనే నెట్టుకొచ్చే దారి చూపారు. ‘అయితే నాలుగు చాలుగా!’ అంది. అక్కడే పేచీ. సగం తీసేస్తే ఒక అంశం ప్రభావం, మిగతా రెండిటి జోడీ ప్రభావంతో కలిసిపోతుంది. తడీ ఎరువూ సంగతి మళ్ళీ పోతుంది. ఎనిమిదీ ఉంచమన్నాను. ఇంకా ఒప్పుకోలేదు.